పద్నాలుగో నంబరు

అసలు వాళ్ళని మనుషులంటారా ఆంటీ? ఇరవై ఏళ్ళ పిల్లాడు శనివారం పొద్దున గ్రౌండ్‌లో ఏడు బంతులు తప్పుగా విసిరాడని, సాయంత్రానికల్లా ఫేస్‌బుక్‌లో నూట పది కామెంట్లు. టీవీలో వచ్చే టీమేమన్నానా? యూనివర్సిటీ క్లబ్బు. గ్రౌండ్ గీత పక్కన నిలబడి ఫ్లాస్కులో టీ తాగే నలభై మంది అభిమానులు. వాళ్ళకి ఇంత నోరు.

మీరు చదివారా? చదవకపోతేనే మంచిది. పాత ప్లేయరట ఒకాయన, మీ అఖిలేష్‌కి దారి చూపించే సాట్‌నావ్ ఒకటి కొనిపెట్టమని రాశాడు. ఇంకొకావిడ, ఎవరి తల్లో, బంతి తగులుతుందేమోనని కారు రెండు వీధుల అవతల పెట్టుకున్నానంది. మనవాళ్ళేం తక్కువ తిన్నారా? మేం అద్దెకుంటున్న హౌస్‌లో సాకేత్ అని ఉన్నాడు, క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలీదు. మన తెలుగోడు క్వార్టర్‌బ్యాక్ అయ్యాడని స్టేటస్ పెట్టి మరీ పదిమందిని వెంటేసుకొచ్చాడు. మూడో బంతికే, వీడు లండన్ స్టాన్‌మోర్‌లో పెరిగినోడురా, మనోడు కాదు అనేశాడు.

కూర్చుంటానాంటీ, పర్లేదు. వాడి బూట్లు ఇచ్చేసి వెళ్దామని వచ్చాను. బూట్ల కోసం కోవెంట్రీ నుంచి ఎవరైనా వస్తారా అంటే... నిజమే, రారు.

ఇంట్లో లేడా? హౌన్‌స్లోకి వెళ్ళాడా, కజిన్ దగ్గరికి. ఆరింటికొస్తాడా. సరే.

వద్దాంటీ, నాకు థాంక్స్ చెప్పకండి. మావాణ్ణి కాస్త చూస్కోమ్మా అని పోయినేడు ఫోన్‌లో మీరన్నది నాకు గుర్తుంది. అందుకే చెప్పకండి.

ముందు ఆట సంగతి చెప్తాను, లేకపోతే మీకు అర్థం కాదు. ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, అమెరికా వాళ్ళది, చేత్తో విసిరేది. విసిరేవాడే క్వార్టర్‌బ్యాక్. వాడు మనిషిని చూసి విసరడు, ఆ మనిషి రాబోయే చోటు చూసి విసురుతాడు. కోచ్ 'పద్నాలుగు' అని అరుస్తాడు. అందరూ మణికట్టుకున్న పట్టీ చూసుకుంటారు. పట్టీలో ప్లాస్టిక్ కింద ఒక చీటీ. పద్నాలుగు అంటే ఎవడు ఎటు పరుగెత్తాలో అందులో రాసి ఉంటుంది. విసిరేవాడి చీటీలో ఏముందో పరుగెత్తేవాళ్ళ చీటీలోనూ అదే ఉండాలి. లేదంటే బంతి ఒక చోటికి పోతుంది, మనిషి ఇంకో చోటికి పోతాడు.

ఆ చీటీలు చేసేది నేను.

నాకెవరూ నేర్పలేదాంటీ. వీడియోలు ఆపి, వెనక్కి తిప్పి, నోట్‌బుక్‌లో బాణం గుర్తులు గీసుకుని నేర్చుకున్నాను. ఖమ్మం నుంచి మాస్టర్స్‌కి పోయి ఈ పిచ్చేంటే అని మా అమ్మ తిట్టింది. ఏం చేయను? క్లాసులో గానీ, పార్ట్‌టైమ్ చేసే గోడౌన్‌లో గానీ నా పేరు తిన్నగా పలికినవాడు లేడు. శుక్రవారం సాయంత్రం మాత్రం కోచ్ అందరి ముందూ, ప్రవల్లిక లేకపోతే ఈ సెలక్షన్ క్యాంప్ నడిచేది కాదన్నాడు. ఆ మాట తల్చుకుంటూ బస్సులో నా స్టాపు కూడా దాటిపోయాను.

అదే సాయంత్రం ఆయన నంబర్లన్నీ మార్చాడు. తెల్లారితే అభిమానులొచ్చి కొత్త క్వార్టర్‌బ్యాక్‌ని చూసే రోజు. కొత్త చీటీలు ఇరవై కావాలి. పన్నెండు రాగానే లైబ్రరీలో ప్రింటర్ ఆగిపోయింది. మిగతావి పొద్దున్నే తీద్దాం, అందాకా పాతవే ఉండనీ అనుకున్నాను. పొద్దున మర్చిపోయాను.

ఆ పాతవి ఎవరి చేతులకి వెళ్ళాయో చెప్పక్కర్లేదుగా. అఖిలేష్ చేతికి కొత్తది, వాడి ముందు పరుగెత్తే నలుగురికీ పాతవి. వాడు ఎడమకి విసిరితే వాళ్ళు తిన్నగా పోయారు. అదే చోటుకి పోటీపడుతున్న రెండో కుర్రాడికీ, వాడి జట్టుకీ అన్నీ కొత్తవే. వాడు విసిరినవన్నీ చేతుల్లో పడ్డాయి. జనం చూసింది అదీ.

వాడి చేతిలో లోపమేం లేదాంటీ. ఏడుకి ఏడూ ఎక్కడ పడాలో అక్కడే పడ్డాయి. అక్కడ మనిషి లేడంతే.

ప్రాక్టీస్ అయ్యాక కిట్ రూమ్‌లో పట్టీలు వెనక్కి తీసుకుంటుంటే తెలిసింది నాకు. పాత చీటీలన్నీ లాగి, చించి, బిన్‌లో కింద తోసి, పైన అరటి తొక్కలు వేశాను. అరటి తొక్కలు వెతికి మరీ వేశాను.

తర్వాత బస్సులో కూర్చుని ఆ కామెంట్లు చదివాను. చదివి, నేనూ ఒకటి రాశాను. అవునాంటీ, నేనే. క్లబ్బు పేజీ నా దగ్గరే ఉంటుందిగా, దాన్నుంచి. 'పార్శిల్ వచ్చింది, ఇంట్లో ఎవరూ లేరు' అని. అందరూ నవ్వుతున్నప్పుడు నేనొక్కదాన్నే నవ్వకపోతే అనుమానం వస్తుందనుకున్నానో ఏమో. అరవై రెండు లైకులు. నేనన్న మాటకి అంతమంది నవ్వడం నా బతుకులో అదే మొదలు. ఇంకోటి రాద్దామా అని కూడా ఆలోచించాను, చూడండి.

ఆదివారం పొద్దున వాడు హెల్మెట్ తిరిగిచ్చేసి, తప్పు నాదేనని కోచ్‌కి చెప్పి, రైలెక్కేశాడు. గురువారం టీమ్ ప్రకటిస్తారు. రేపే.

ఏంటాంటీ? తెలియక జరిగింది, పోనీలే అంటున్నారా?

లేదు. ఇందాక మీకు అబద్ధం చెప్పాను. కిట్ రూమ్‌లో కాదు తెలిసింది.

నాలుగో బంతి అవ్వగానే వాడు హెల్మెట్ తీసి గీత దాకా వచ్చాడు. మీరు తెలుగులో ఎంత మాట్లాడించినా ఇంగ్లీషులోనే బదులిస్తాడని మీరే బాధపడ్డారు కదా. నాతోనూ అంతే. ఆ పూట మాత్రం నా దగ్గరికొచ్చి మెల్లిగా, "అక్కా, పేపర్ కరెక్టే ఉందా?" అన్నాడు. తెలుగులో. కోచ్ నా పక్కనే ఉన్నాడాంటీ. ఆయనకి అర్థం కాకూడదని, ఆయన ముందు నా పరువు పోకూడదని, ఉన్న ఆ నాలుగు తెలుగు ముక్కలూ వెతుక్కుని అడిగాడు.

వాడు అడిగీ అడగ్గానే నాకు ప్రింటర్ గుర్తొచ్చింది. పన్నెండు దగ్గర ఆగిపోవడం కళ్ళ ముందు కనబడింది. పక్కన కోచ్. ముందురోజే నన్ను మెచ్చుకున్న కోచ్.

"కరెక్టే, నువ్వు సరిగ్గా వెయ్యి" అన్నాను.

వాడు తలూపి వెళ్ళాడు. ఇంకో మూడు వేశాడు, నేను చెప్పానని ఇంకా జాగ్రత్తగా.

 ఏమన్నారాంటీ?

...వాడికి చెప్పొద్దా?

ఆ ఆటలో ఎముకలు విరుగుతాయి, మానేశాడు కాబట్టే పుస్తకం తీస్తున్నాడు, వాళ్ళ నాన్న కూడా సంతోషంగా ఉన్నారు, అయ్యిందేదో అయ్యింది... అంతేనా? నా చెయ్యి ఎందుకు పట్టుకున్నారాంటీ, వదలండి.

మీరు ఇదే అంటారని నాకు తెలుసు. కోచ్‌కి మెయిల్ రాసి మూడు రోజులైంది, డ్రాఫ్ట్‌లోనే ఉంది. ఆయన ఆఫీసు మా హౌస్‌కి పది నిమిషాలు. అక్కడికి పోకుండా రెండు రైళ్ళు మారి మీ దగ్గరికి ఎందుకొచ్చానో ఇప్పుడు అర్థమవుతోంది. పోనీలే అనే మనిషి కావాల్సొచ్చి వచ్చాను. బూట్లు ఒక సాకు.

టీ వద్దు. ఆరింటికి వాడొచ్చేదాకా ఇక్కడే కూర్చోనివ్వండి, చాలు. మధ్యలో ఏదో పనుందని లేచానా, తలుపు దగ్గర అడ్డం నిలబడండి ఆంటీ. వెళ్ళిపోయే రకాన్ని నేను.