అన్నం తినే చెయ్యి

ఫిజియోథెరపీ నుంచి తల్లీ, ఏడేళ్ళ కూతురు గువ్వా అప్పుడే ఇంటికి వచ్చారు. నాన్నమ్మ తలుపు తీసింది.

"చెప్పులు తర్వాత విప్పుదువుగాని, ముందు చెప్పు. ఏమన్నారు?"

"ఏమంటారు అత్తయ్యా? ఆట ఎవరు ఆడుతున్నారమ్మా అన్నారు."

"అదేం ప్రశ్న?"

"అదే ప్రశ్న. నలుగురి ముందూ అడిగింది ఆ ఫిజియో ఆవిడ. మీ ఇంట్లో చేపలన్నీ పడుతున్నది ఎవరమ్మా, అని."

"మన గువ్వే కదా పట్టేది!"

"నేనూ అదే అన్నా. ఆటలో ఇన్నిన్ని మార్కులు తెచ్చుకునే పిల్ల ఈపాటికి అటక మీది డబ్బాలు దించాలి కదమ్మా, మరి ఈ మోచెయ్యేంటి, తుప్పు పట్టిన గొళ్ళెంలా కదలనంటోంది, అంది. నాకు తల కొట్టేసినట్టయింది."

"బిగుసుకుపోవడం పుట్టినప్పట్నుంచీ ఉన్నదే కదే."

"ఉన్నదే కదా అని ఊరుకుంటామా? సెరిబ్రల్ పాల్సీ పిల్లలకి ఎక్సర్‌సైజ్ అంటే ఏడుపు. ఏడవకుండా చేస్తారనే కదా ఈ ఆట ఇచ్చింది? ట్యాబ్ నిలబెడితే అందులో మన హాలే కనిపిస్తుంది, మన సోఫా మీదే చేపలు ఈదుతాయి, ఇది కుడి చెయ్యి చాపి పట్టుకుంటుంది. పట్టుకోగా పట్టుకోగా చెయ్యి సాగుతుంది. అంతే కదా? మరి సాగలేదేం?"

"నన్నడిగితే నేనేం చెప్పను?"

"ఇంకెవర్ని అడగను? మధ్యాహ్నం ఇంట్లో ఉండేది మీరిద్దరు. నేను మందుల షాపులో కౌంటర్ దగ్గర నిలబడి, ఫోన్లో దీని మార్కులు చూసుకుని మురిసిపోతున్నా. పక్కమ్మాయికి కూడా చూపించా. పిచ్చిదాన్ని."

"అంటే? నేను ఆడి మార్కులు వేయించానంటావా?"

"నేనలా అన్లేదు."

"అనకుండా అన్నావు."

"అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం."

"బాగుందమ్మా! ఈ మోకాళ్ళతో నేను లేచి చేపలు పట్టానా? ఏదో ఒక్కసారి..."

"ఒక్కసారి?"

"కిటికీకి కర్టెన్ వేద్దామని అటు పోతుంటే ఎర్రచేప వచ్చి నా చేతికే తగిలింది. శభాష్ అంది ట్యాబ్. పెళ్ళయినప్పట్నుంచీ నన్ను శభాష్ అన్నవాళ్ళు లేరు. అందుకని ఇంకోటి..."

"అత్తయ్యా!"

"రెండే. పోనీ మూడు."

"నాన్నమ్మ తాబేలు కూడా పట్టిందమ్మా."

"నువ్వు నోరు మూసుకోవే! పెద్దవాళ్ళ మాటల్లో నీకేంటి?"

"మీ మూడు చేపలకీ అన్ని మార్కులు రావు అత్తయ్యా. ఇందులో ఇంకేదో ఉంది. వచ్చేవారం పెద్ద డాక్టరు చూస్తారు. మోచెయ్యి ఇలాగే ఉంటే ఆపరేషనే అంటారట. నా కూతురి చేతికి కత్తి పెడతారు, తెలుస్తోందా మీకు?"

"పిల్ల ముందు ఏం మాటలవి!"

"ఇంకెక్కడ అనను? ఆట అన్నారు, ఆశ పెట్టారు, ఇన్నాళ్ళూ తిప్పారు, చివరికి మొండిచెయ్యి చూపించారు."

"అమ్మా, మొండిచెయ్యి నాదేనా?"

"అయ్యో, కాదు తల్లీ. అది... మాట వరసకి."

"మాట వరసకి నాదా?"

"ఏ వరసకీ నీది కాదు. నోరు జారింది, తప్పయింది. ఇలా రా. అత్తయ్యా, ఆ సోఫా ఇటు లాగండి. ఇప్పుడే ఆడాలి. నా ముందు ఆడాలి. చూస్తా."

"ఇప్పుడా? బస్సు దిగి వచ్చింది, పాలైనా తాగనీ."

"తర్వాత తాగుతుంది. ట్యాబ్ ఆనించడానికి ఏదైనా ఇవ్వండి."

"ఇదిగో, చక్కెర డబ్బా. రోజూ దానికే ఆనిస్తాను."

"గువ్వా, వెనక్కి జరుగు. ఇంకొంచెం. తల కనిపించట్లేదు, మొండెం ఒక్కటే వచ్చింది. ఆ... చాలు. మీరు పక్కకి రండి అత్తయ్యా, మళ్ళీ మిమ్మల్నే పట్టుకుంటుంది."

"నేనేం చేశాను, దారిన పోతున్నా..."

"ష్. ఏదో అంటోంది. 'ఆడే చెయ్యి ఊపు' అంట. ఊపమ్మా."

"ఊపుతున్నా."

"మళ్ళీ అంటోంది, 'ఆడే చెయ్యి ఊపు' అని."

"ఊపుతున్నాగా!"

"అది ఎడమ చెయ్యే!"

"ఇదే రోజూ ఊపేది."

"రోజూనా? రోజూ ఇదేనా? నీకెవరు చెప్పారు?"

"నాన్నమ్మ."

"అత్తయ్యా?"

"నా మీద ఒట్టు, కుడి చెయ్యి అనే చెప్పానే! చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది. తర్వాత్తర్వాత చెప్పిన ప్రతిసారీ అటు చూస్తుంది, ఇటు చూస్తుంది, నిలబడిపోతుంది. దానికి కుడేదో ఎడమేదో తెలీక తికమక పడుతోందని..."

"పడుతోందని?"

"అర్థమయ్యేలా చెప్పా. అన్నం తినే చెయ్యి, అని."

"ఏమన్నారు?"

"అన్నం తినే చెయ్యి అన్నా. ఎవరికైనా అలాగే కదే చెప్తాం! మీ ఆయనకి అలాగే నేర్పా, మీ ఆడపడుచుకి అలాగే నేర్పా. నాకు మా అమ్మ అలాగే నేర్పింది."

"ఇది అన్నం ఏ చేత్తో తింటుంది అత్తయ్యా?"

"ఏ చేత్తో ఏంటి, చెంచాతో..."

"చెంచా ఏ చేత్తో పట్టుకుంటుంది?"

"ఏ చేత్తో అంటే... అయ్యో. అయ్యో, నా మతి మండా! రోజూ పక్కన కూర్చుని తినిపించేది నేనే కదే!"

"ఊపిన చేతినే ట్యాబ్ గుర్తుపెట్టుకుంటుంది. ఇక ఆట అంతా ఆ చేతికే. ఇన్నాళ్ళూ మనం బాగున్న చేతికి ఎక్సర్‌సైజ్ చేయించాం. బాగున్న చేతికి! ఎవరితో చెప్పుకోను? వింటే నవ్వుతారు. ఆవిడ ముందు నేను దొంగలా తలొంచుకుని నిలబడ్డాను, దేనికి? అన్నం తినే చెయ్యికి!"

"తిట్టు. నన్ను తిట్టు, పడతా."

"తిడితే ఆ రోజులు తిరిగొస్తాయా?"

"అత్త మీద కోపం దుత్త మీద చూపించకే. ట్యాబ్ అలా విసిరి పెట్టకు, పగిలిపోతే అదో గొడవ."

"నాకు ఏడవాలనుంది అత్తయ్యా. షాపులో నిలబడి కాళ్ళు పీక్కుపోతాయి, ఇంటికొస్తే ఇది. తల ప్రాణం తోకకొస్తోంది. ఎవరి తప్పూ లేదు, ఎవర్నీ ఏమీ అనలేను. అందుకే నాకు ఒళ్ళు మండిపోతోంది."

"నా తప్పుందిగా. ఆవిడకి ఫోన్ చేసి చెప్పు. ముసల్ది మతి లేక ఇలా చేసింది, కొన్నాళ్ళు గడువివ్వండి, అని నా పేరే చెప్పు. నాకేం నామోషీ లేదు."

"చెప్తా. రేపు పొద్దున్నే చెప్తా. ఒకందుకు నయమే అత్తయ్యా. ఆట తప్పు కాదు, దాని చెయ్యీ తప్పు కాదు. ఆడించనే లేదు కదా, సాగడానికి. ఇవాళ్టి నుంచి ఆడిద్దాం. ఆపరేషన్ లేకుండానే..."

"సాగుతుందే. నా మాట విను, సాగుతుంది. నేను దగ్గరుండి ఆడిస్తా."

"ఏదైనా గుర్తు పెడదాం. ఆ రిబ్బన్ ఇలా ఇవ్వండి, కుడి చేతికి కట్టేస్తా. ఇక కుడీ లేదు, ఎడమా లేదు, అన్నమూ లేదు. రిబ్బన్ చెయ్యి ఊపు, అంటే సరి. గువ్వా, చెయ్యి ఇటివ్వు."

"వద్దు."

"గట్టిగా కట్టనులే."

"రిబ్బన్ ఎందుకు? ఇది కుడి. ఇది ఎడమ."

"ఇప్పుడు చెప్తే ఇప్పుడే వచ్చేసిందే!"

"ఇప్పుడు కాదు నాన్నమ్మా. నాకెప్పుడో తెలుసు. మా టీచర్ చెప్పారు."

"మరి నేను కుడి చెయ్యి అంటే అటూ ఇటూ చూశావు?"

"ఊరికే."

"ఊరికేనా? అన్నం తినే చెయ్యి అన్నప్పుడు?"

"తప్పు చెప్తున్నావని తెలుసు."

"ఓసి దొంగా! తెలిసి కూడా చెప్పలేదా? ఇంతసేపూ నేను తిట్లు తింటుంటే చూస్తూ నిలబడ్డావా?"

"ఉండండి అత్తయ్యా. గువ్వా, ఇలా చూడు. నొప్పా? కుడి చేత్తో ఆడితే నొప్పి పుడుతుందా?"

"కొంచెం."

"అందుకేనా?"

"అందుకు కాదు."

"ఆట కష్టంగా ఉందా? చేపలు దొరకట్లేదని కోపమా?"

"నాకేం కోపం లేదు. నీకే."

"నాకా? నాకేం కోపమే? నీ చెయ్యి బాగుపడాలనే కదా, నా బాధంతా! ఆ ఫిజియో ఆవిడ ఏమందో విన్నావు కదా. చెప్పు. చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? ఎందుకు అలా చేశావు?"

"చెప్పవే తల్లీ, అమ్మ ఏమీ అనదు."

"మొదట్లో కుడి చేత్తోనే ఆడానమ్మా. మార్కులు వచ్చేవి కాదు. అప్పుడు నువ్వు షాపు నుంచి రాగానే నా చెయ్యి చూసేదానివి. ఎడమ చేత్తో ఆడితే, రాగానే నా మొహం చూస్తున్నావు."