రోకలి పడేదాక

నొప్పులు పడుతున్న భార్య మూలుగు వింటూ అతను గడప దగ్గరే నిలబడ్డాడు. నీళ్లు పోసిన పళ్లెంలో తల్లి నిలబెట్టిన రోకలి కదలడం లేదు.

“బండి కట్టిన. బూర్గంపాడు దవాఖానకు తీస్కపోదమే అమ్మా.”

“గ్రహణంల నిండు చూలాలు గడప దాటొద్దు. రోకలి పడితేనే విడిసినట్టు.”

“పొద్దుగూకంగ ఎర్రగ లేసిన చంద్రుడు తెల్లగైండు. బయటికొచ్చి సూడు.”

“నీ కండ్లు మోసం జేస్తయి కొడుకా. రోకలి జెయ్యదు.”

“లోపల సప్పుడు ఆగిందేందే?”

ఆమె లోపలికి వెళ్లింది. చాలాసేపటికి వచ్చి, రోకలిని తన చేత్తోనే పడదోసింది.

“పడ్డది కొడుకా. ఇగ తీస్కపో.”

అతను తల్లి మొహంలోకి చూశాడు. పిండారబోసినట్టున్న వెన్నెల్లోకి నడిచి, బండికి కట్టిన ఎడ్లను విప్పేశాడు.