వెలుతురుండగా

ఇస్త్రీ బల్ల సగం చోటు తినేసిన రేకుల గది. మధ్యాహ్నం దాటింది. ఇస్త్రీ ఆవిడ, పేదపిల్లల్ని చదివించే సంస్థ నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు, గోడకి ఆనుకుని నిలబడ్డ ఓ ఆడపిల్ల. ముగ్గురిలో ఈ ఫొటోతో పనిలేనిది ఆ పిల్లొక్కతే.

"పిల్లని నవ్వొద్దని చెప్పండమ్మా."

"ఫొటో అంటే నవ్వరా బాబూ? పొద్దుటినుంచీ కూర్చోబెట్టి నేర్పాను, పళ్ళు కనపడేలా నవ్వమని."

"అదే వద్దంటున్నాను. ఇంకోటి, ఆ గౌనేంటమ్మా, పెళ్ళికెళ్తున్నట్టు? ఒక్క మడత చెదరలేదు."

"ఇస్త్రీ చేసేదాని ఇంట్లో పిల్ల నలిగిన గౌను వేసుకుంటే వీధి వీధంతా నవ్వదూ?"

"వీధి చూడదమ్మా ఈ ఫొటో. ఎక్కడో దూరాన ఉన్నవాళ్ళు చూస్తారు. చూసి అయ్యో అనుకుంటేనే చదివిస్తారు. ఈ గౌనులో చూశారనుకోండి, వాళ్ళే మనల్ని అప్పడుగుతారు."

"అయితే ఏం చెయ్యమంటారు?"

"పాతదేదైనా వెయ్యండి. ఇంట్లో తిరిగేది."

"ఇక్కడ లేదు."

"పిల్ల బట్టలు ఇంట్లో లేకపోవడమేంటి?"

"ఉన్నాయి. ఉతికాను. తడిగా ఉన్నాయి."

"దండెం మీద ఏమీ లేదే?"

"మీరు ఫొటో తియ్యడానికొచ్చారా, నా దండెం చూడ్డానికొచ్చారా?"

"సరే సరే. కోప్పడకండి. పోనీ ఉన్నదాన్నే కాస్త నలపండి."

"ఎవరు, నేనా?"

"ఆడపిల్ల కదమ్మా, నేను చెయ్యేస్తే బాగోదు."

"ఊళ్ళోవాళ్ళ ముడతలన్నీ తీసి బతికేదాన్ని. నా చేత్తోనే నలపమంటారా?"

"వెలుతురు పోతోందమ్మా. ఆ కిటికీలోంచి ఎండ ఇంకాసేపే ఉంటుంది. తర్వాత ఏం తీసినా నల్లగా వస్తుంది."

"పోనీ కాస్త చీకటి పడ్డాక రాకూడదూ?"

"చీకట్లో ఏం తియ్యను? ఫ్లాష్ వెయ్యొద్దన్నారు మావాళ్ళు. మొహం వెలిగిపోయి పిల్ల కళకళలాడుతున్నట్టు ఉంటుందట. పైగా సాయంత్రం బస్సుకి నేను వెళ్ళిపోవాలి."

"రేపు?"

"రేపు ఇంకో ఊరు. ఇవాళ తియ్యకపోతే మళ్ళీ వచ్చే ఏడే."

"వచ్చే ఏడా... ఇటు రావే. కదలకు. ఇదిగో బాబూ, చాలా?"

"ఇంకొంచెం. ఆ భుజం దగ్గర."

"ఇప్పుడు?"

"బావుంది."

"బావుందంటారేంటి? నా చెయ్యి ఇస్త్రీపెట్టె మీదికే పోతోంది."

"నాకేమన్నా సరదానా అమ్మా? పోయినసారి నవ్వే పిల్లల ఫొటోలు తీసుకెళ్తే పైవాళ్ళు మొహాన కొట్టారు. నవ్వే పిల్లకి సాయం ఎందుకంటారట జనం. నాకూ ఉంది ఓ కూతురు. దాన్ని తీసేటప్పుడు అది నవ్వేదాకా కోతివేషాలేస్తాను."

"బడి మాత్రం ఖాయమేనా?"

"మీ ఫొటో నచ్చి ఎవరో ఒకరు ఒప్పుకుంటే ఖాయం. ఫీజు, పుస్తకాలు, మధ్యాహ్నం భోజనం. పిల్లని పనికి పంపకుండా ఉండటానికి ఇంటికి కూడా నెలనెలా కొంత ఇస్తారు."

"అదే. నాక్కావలసింది అదే."

"మీరు పనికి పంపట్లేదు కదా?"

"ఇదా? ఇది ఎక్కడికీ వెళ్ళదు. ఆటలే ఆటలు. ఎన్నాళ్ళిస్తారు బాబూ?"

"పెద్దదయ్యేదాకా. ఏటా నేనే వచ్చి ఫొటో తీసుకెళ్తాను. ఎంత ఎదిగిందో ఇచ్చేవాళ్ళు చూసుకోవాలిగా."

"ఏటానా?"

"ఏటా."

"ఈ పిల్లనే?"

"మరింకెవర్ని తీస్తాను?"

"అబ్బే, ఊరికే అడిగాను. ఎదిగేకొద్దీ పోలికలు మారిపోతాయి కదా అని. ఒక్కోసారి మనిషే మారిపోయినట్టు ఉంటారు పిల్లలు."

"మరీ అంత మారరులెండి. పాపా, నువ్వు చెప్పు. పెద్దయ్యాక ఏమవుతావు?"

"టీచరు అని చెప్పవే."

"మీరుండండమ్మా, తనని చెప్పనివ్వండి."

"లారీ నడుపుతా."

"లారీయా? ఎందుకూ?"

"మా నాన్న నడుపుతాడుగా."

"అమ్మా, మీ ఆయన పోయారన్నారు కదా?"

"పోయాడు."

"మా నాన్న నిన్న వచ్చాడు. నాకు బుడగ తెచ్చాడు."

"చిన్నపిల్ల బాబూ... దానికింకా చెప్పలేదు. కల్లో వస్తుంటాడు దానికి."

"అయ్యో. అడక్కుండా ఉండాల్సింది."

"ఫరవాలేదు. మీరు ఫొటో తియ్యండి. వెలుతురు పోతోందన్నారుగా."

"పాపా, ఇటు చూడు. నవ్వకు. నీ బుడగ ఎవరో లాక్కున్నారనుకో."

"ఎవరు?"

"ఎవరో ఒకరు."

"మా నాన్న వాణ్ణి తంతాడు."

"సరే, తన్నకముందు ఎలా ఉంటావు? ఆ, అలాగే. కదలకు... అయిపోయింది. చూడండమ్మా."

"బాగానే వచ్చింది. ఎంత దిగులుగా ఉందో. ఎవరైనా ఒప్పుకుంటారు బాబూ, ఒప్పుకుంటారు."

"అత్తా, గౌను నలిగిపోయింది. మా అమ్మ కొడుతుంది. నేనింక మా ఇంటికెళ్ళిపోనా?"

"అత్తా అందేంటమ్మా?"

"ఏమీ అనలేదు."

"మా అమ్మ కొడుతుంది అంది. మరి మీరెవరు?"

"వెళ్ళవే, వెళ్ళు. గౌను నేను మళ్ళీ తళతళలాడేలా ఇస్త్రీ చేసిస్తానని మీ అమ్మతో చెప్పు. వాకిట్లో బొగ్గులున్నాయి, తొక్కేవు."

"వెళ్ళిపోయింది. ఇక చెప్పండి."

"ఏం చెప్పను? పక్కింటి పిల్ల. దూరాన ఉన్నవాళ్ళకి ఏ పిల్లయితేనేం అనుకున్నాను. వాళ్ళేమన్నా మా మొహాలు గుర్తుపడతారా? ఫొటో దీనిది, బడి మా దానిది. ఏటేటా వచ్చి పోల్చి చూస్తారని నాకేం తెలుసు?"

"అసలు మీకు కూతురుందా?"

"ఉంది. దీనికంటే కాస్త పెద్దది."

"కూతుర్ని పెట్టుకుని పక్కింటి పిల్లెందుకమ్మా? జబ్బేమైనా ఉందా? ఉంటే చెప్పండి, అలాంటి పిల్లల్ని ముందు తీసుకుంటారు."

"జబ్బేంటి బాబూ, పిడుగు. అట్టపెట్టెల షెడ్డులో పెట్టెలు అంటిస్తుంది. ఒక్క పూట మానిందంటే దాని పీట మీద ఇంకో పిల్లని కూర్చోబెడతారు. మీ ఫొటో ఎవరికైనా నచ్చుతుందో లేదో. నచ్చకపోతే బడీ లేదు, పనీ లేదు. పొయ్యిలో పిల్లి లేవదు."

"ఒక్క గంట పంపమని అడగలేకపోయారా?"

"అడిగాను. గంటేం ఖర్మ, పూర్తిగా తీసుకుపో, గుమ్మంలో చాలామంది నిలబడున్నారు అన్నాడు షెడ్డు యజమాని."

"పదండి, నేనే వస్తాను. ఆ షెడ్డు దగ్గరే తీస్తాను."

"పిల్లలు పని చెయ్యరని గేటుకి బోర్డు కట్టుకున్నాడు బాబూ. మీ చేతిలో కెమెరా చూశాడంటే పిల్లలందర్నీ వెనక దారిన తరిమేస్తాడు. మళ్ళీ మా దాన్ని రానివ్వడు."

"నేనేం చెయ్యనమ్మా మరి? తెలిసీ ఈ ఫొటో పంపలేను. మీ మీద జాలి లేక కాదు."

"జాలి ఉందని తెలుస్తూనే ఉంది."

"బస్సు వదులుకుంటాను. రేపు పొద్దున్న వస్తాను. మీ అమ్మాయి పనికి వెళ్ళేముందు తీస్తాను."

"చీకటితో వెళ్తుంది. చీకటి పడ్డాకే వస్తుంది."

"ఆదివారం?"

"ఆదివారం పెట్టెలకి గిరాకీ ఎక్కువ."

"ఏదో ఒకటి చెయ్యండమ్మా. వెలుతురుండగా ఒక్క ఐదు నిమిషాలు మీ అమ్మాయి ఇంట్లో ఉండేలా చూడండి. మిగతాది నేను చూసుకుంటాను."

"వెలుతురుండగా అది ఇంట్లో ఉంటే, మీతో నాకేం పని బాబూ?"