చల్లారుతున్న తారు

కొత్త రోడ్డు పనుల ప్రారంభ సభలో కాంట్రాక్టరు మైకు వదలడం లేదు. రోలరు నడిపే అక్క, తారు లారీ తెచ్చిన తమ్ముడు ఓ పక్కన నిలబడి ఉన్నారు.

“అక్కా, లారీలో తారు చల్లారిపోతోందే. అసలే పాత రోడ్డు గీకి కలిపిన సరుకు, తొందరగా బిగుసుకుంటుంది.”

“తెలుసురా. చల్లారాక నా రోలరుకి సరిగ్గా అణగదు. వానాకాలం రాగానే పెచ్చులుగా లేచిపోతుంది. రిపేర్లన్నీ ఆయన నెత్తిమీదే.”

“మరి వెళ్లి చెప్పనా?”

“నోరు మూసుకుని నిలబడు. ఆ రోజు అమ్మ కొన ఊపిరితో ఉందని నువ్వు ఫోన్ చేస్తే నాతో ఏమన్నాడు?”

“తారు చల్లారిపోతుంది, రోలరు దిగొద్దన్నాడు.”

“పని ముగించుకుని నేనొచ్చేసరికి?”

“అమ్మ ఒళ్లు చల్లబడిపోయింది.”

“ముగించేలా ఉన్నాడు. గట్టిగా చప్పట్లు కొట్టరా, ఇంకాసేపు మాట్లాడతాడు.”