బర్రె తన్నింది

పురానాపూల్ దగ్గర స్వీటీ వకీలు ఆఫీసు. పాల వ్యాపారి వేణుగోపాల్ బండిని కారు గుద్ది ఏడాది దాటింది. దెబ్బ తల లోపల తగిలింది, పైకి మచ్చైనా లేదు. నష్టపరిహారం కేసులో రేపు అతని భార్య అమల సాక్ష్యం చెప్పాలి. అమలకేమో కూర్చున్న కుర్చీతో సహా భూమిలోకి దిగిపోవాలని ఉంది.

"గీ వీడియోల ఉన్నది మీ ఆయనేనా, కాదా అమలా?"

"ఆయనే మేడం."

"దీపావళి సదర్ ఊరేగింపుల దున్నపోతు తాడు పట్టుకొని, మెడల దండేసుకొని, మీసం దువ్వుకుంట పోతుండు. ఇన్సూరెన్సోళ్ల వకీలు రేపు గిదే చూపిస్తడు. తలకు దెబ్బ తాకినోడు గింత పెద్ద దున్నను ఎట్ల తోలిండంటడు. నేనేమనాలె?"

"తోలింది ఆయన గాదు. ముకుతాడు మా మరిది అంజన్ చేతిల ఉండె. ఈయన చేతిల ఉత్త తాడు పెట్టినం."

"ఎవరు పెట్టిండ్రు?"

"ఎవరో మా ఇంటోళ్లే."

"అమలా, ఎవరు?"

"నేనే."

"ఎందుకు తల్లీ?"

"మా మాదన్నపేటల అందరు అనబట్టిరి మేడం, వేణుకు పిచ్చి లేసింది, ఇంట్ల కట్టేసిండ్రని. ఏటా సదర్‌ల ముందట నడిచే మనిషి. ఇజ్జత్ పోతది కద. ఒక్కసారి కనబడితే నోర్లు మూతవడ్తయనుకున్న."

"మూతవడ్డయా?"

"వడ్డయి."

"గిప్పుడు కోర్టుల నా నోరు గూడ మూతవడేటట్టున్నది. ఇను. కాలిరిగితే కట్టు కనబడ్తది. ఆయనకు నెత్తిల మెదడు ముందట భాగం దెబ్బతిన్నది. గది మనిషి తీరుల కనబడ్తది. కోపం ఆగది, ఏం చేస్తుండో సోయి ఉండది. మనిషి ఎంత మారిండో ఇంట్లోళ్లే చెప్పాలె. ఇంట్ల ఎట్లుంటడు?"

"మంచిగనే ఉంటడు."

"అమలా."

"మంచిగనే... పాలు పిండుత అని పోతడు, బకెట్ ఆడనే ఇడిసి వస్తడు. చెప్పిందే చెప్తడు. పాలు మాడినా వాసన తెల్వది. గంతే."

"కోపం?"

"కోపం ఎవ్వరికి రాదు మేడం?"

"ముందు గూడ వచ్చేదా?"

"అయ్యో, ముందు ఆయన బర్రెను గూడ ఏమనకపోతుండె. ఈనేటప్పుడు దాని మెడ పట్టుకొని, నా తల్లీ నా తల్లీ అని బుదరకిచ్చేటోడు."

"గా చెయ్యికేమైంది?"

"ఏ చెయ్యి?"

"కొంగుల దాస్తున్నవే, గది."

"గిదా? బర్రె తన్నింది."

"మొన్న దవడ కాడ కమిలి ఉండె."

"గది గూడ బర్రెనే."

"ఏం బర్రె అమలా అది, చూసి చూసి దవడ మీదనే తంతది?"

"మేడం, నీకు దండం పెడ్త. గది రాయకు. కోర్టుల మా అత్త కొమురమ్మ కూసుంటది, మావోళ్లంత కూసుంటరు. పైసల కోసం మొగని ఇజ్జత్ అమ్ముకున్నదంటరు."

"ఆయన మందులకు పైసలు వద్దా? నువ్వు చెప్పకుంటే కేసు పోతది. జడ్జికి వీడియోల మనిషే కనబడ్తడు, నీ ఇంట్ల మనిషి కనబడడు."

"పోతే పోనీ. ఆయనకు తెల్వదు మేడం. తెల్లారి అన్ని మర్సిపోతడు. చెయ్యికేమైందే అని ఆయనే అడుగుతడు, ఆయనే నూనె రాస్తడు. బర్రె తన్నిందని నేనంట. తెలిస్తే బతకడు ఆ మనిషి. నాకు సిగ్గయితది మేడం, ఆయనకేమో—"

"ఆగు. తలుపు కాడ ఎవరు? వేణన్నా, లోపటికి రా."

"ఏందయ్యా, నువ్వెందుకొచ్చినవ్? బెంచి మీద కూసోమన్న కద! అంజన్ ఏడి?"

"చాయ్‌కి పోయిండు. మేడం, ఆమె చెప్పది. నేను చెప్త. మళ్ల మర్సిపోతనేమో, జల్ది రాసుకోండ్రి."

"ఏమొద్దు మేడం, ఆయనకు సోయి లేదు. నడువయ్యా, ఇంటికి పోదాం. నడువు—"

"చెప్పు వేణన్నా."

"ఆమె చెయ్యికి నూనె రాసుకుంట రోజు గిదే అనుకుంట మేడం, నోట్లకెల్లి రాదు. మా కొట్టంల తన్నే బర్రె ఒక్కటి గూడ లేదు."