నా పేరు, నీ రక్తం

ఆసుపత్రి రెండో అంతస్తు వరండా. అన్న డాక్టరు గదిలోంచి ఇప్పుడే బయటికి వచ్చాడు. తమ్ముడు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"అయితే బాగానే ఉన్నట్టేగా! మరి ఆ మొహమేంటన్నయ్యా, అలా వేలాడేసుకున్నావు?"

"బాగానే ఉందిరా. ఆరు వారాల కిందట రక్త పరీక్షలో ఆ నంబరు ఏడుంది. ఇప్పుడు ఒకటి కూడా లేదంట."

"చెప్పానా! ఊరికే హడలిపోయావు. పద, టీ తాగుదాం."

"కూర్చో."

"టీ తాగుతూ మాట్లాడు..."

"కూర్చోమన్నానా! చేతిలో అదేంటి?"

"ఏం లేదు. టీ టోకెను."

"ఒరేయ్, ఒక మాట అడుగుతాను, సరిగ్గా చెప్పు. మా కంపెనీ వాళ్ళ రక్త పరీక్షకి నా బదులు నువ్వెళ్ళావు చూడు, ఆ రోజు..."

"మెల్లగా అను! ఎవరి చెవినైనా పడితే నీ క్రేన్ ఉద్యోగం గోవిందా."

"ఉద్యోగం సంగతి తర్వాత. షుగరు బయటపడితే నన్ను క్రేన్ దించేస్తారని నిన్ను పంపాను. అవునా?"

"పంపావు. నీలా కనపడాలని మీసం కూడా తీయించుకున్నాను. నీ మరదలు వారం రోజులు నా మొహం చూళ్ళేదు."

"ఆ రోజు సైకిలు మీద వెళ్ళావా?"

"లేదు. అంతకు ముందు రెండు రోజులు కూడా తొక్కలేదు. టైరు పంక్చరు."

"ఒంట్లో జ్వరం గానీ..."

"లేదు."

"పోసేటప్పుడు మంట..."

"లేదన్నయ్యా."

"మరి ముందు రోజు రాత్రి... అదేరా... మరదలూ నువ్వూ..."

"మీసం తీశాక మొహమే చూళ్ళేదంటే! అదీ లేదు."

"అడక్కముందే చెప్పేస్తున్నావేంట్రా, పాఠం అప్పజెప్పినట్టు?"

"నువ్వలా నసుగుతుంటే ఏం చెయ్యను? ఇంతకీ ఇవన్నీ అడగమన్నదెవరు?"

"డాక్టరమ్మ. ఏడు వచ్చినంత మాత్రాన కేన్సరని అనుకోకూడదంట. నలభైల్లో వాళ్ళకి ఆ ప్రోస్టేటు గ్రంథి కాస్త వాచినా, సైకిలు ఎక్కువ తొక్కినా రక్తంలో ఆ పీఎస్ఏ నంబరు పెరగొచ్చంట. అందుకే కొన్ని వారాలు ఆగి మళ్ళీ చూస్తారంట. అప్పటికీ తగ్గకపోతే స్కాను. అందులో ఏదన్నా అనుమానంగా కనపడితే సూదితో ముక్క తీసి చూడటం. వయసులో ఉన్నవాళ్ళని ఎడాపెడా కొయ్యరంట."

"మంచి డాక్టరే. ఇంకేం మరి, పద..."

"నాన్న సంగతి కూడా అడిగింది."

"నాన్న సంగతి ఇప్పుడెందుకు?"

"ఏడాదంతా నడుం నొప్పి, నడుం నొప్పి అని తైలాలు రాశాం గుర్తుందా? నడుం నొప్పి కాదుగా అది, ఈ గ్రంథి కేన్సరే ఎముకల దాకా పాకింది. యాభై నిండకుండానే పోయాడు. ఆ మాట చెప్పగానే ఆవిడ పెన్ను పక్కన పెట్టేసింది. అన్నదమ్ములెంతమంది అని అడిగింది."

"అన్నయ్యా, టీ..."

"టీ గొడవ ఆపరా! నాకు భయంగా ఉంది. మొదటిసారి ఏడు వచ్చినప్పుడే నీకు చెప్పాల్సింది. డాక్టరు దగ్గర కాగితం తెచ్చి కంపెనీలో పడేస్తే సరిపోతుందనుకున్నాను. కంగారు పడొద్దని ఆవిడ అంది. నాతో కాదు, ఆ ఏడు ఎవరిదో వాడితో అంది ఆ మాట. నేను దాన్ని పట్టుకుని ఆరు వారాలు హాయిగా పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది, సిగ్గు లేకుండా! మొన్న మళ్ళీ ఇచ్చింది నా రక్తం, నా సొంత రక్తం. అర్థమవుతోందా? ఆ ఏడు నాది కాదురా."

"ఊఁ."

"ఊఁ ఏంట్రా, ఊఁ! అది నీది. లోపల అంతా చెప్పేశాను. ఉద్యోగం పోతే పోనీ. నిన్ను వెంటనే తీసుకురమ్మంది. లే. తిట్టాలనుంటే ఇంటికెళ్ళాక తిట్టు, కొట్టాలనుంటే కొట్టు."

"స్కానుకి పద్దెనిమిదో నంబరు! పద్దెనిమిది ఎవరండీ?"

"మేం కాదు సిస్టర్! మేం డాక్టరమ్మ దగ్గరికి. లేరా, ఏంటలా చూస్తావు?"

"వస్తున్నా సిస్టర్, ఒక్క నిమిషం."

"నువ్వెందుకు పలుకుతావురా? ఏదీ, ఆ టోకెను ఇలా చూపించు."

"ఆ రోజు వాళ్ళిచ్చిన కాగితం మీద నీ పేరు రాశాను, నీ పుట్టినరోజు రాశాను. ఫోన్ నంబరు దగ్గరికొచ్చేసరికి చెయ్యి అలవాటు కొద్దీ నాది రాసేసింది. ల్యాబు వాళ్ళు నీకంటే ముందు నాకే చెప్పారన్నయ్యా."

"నీకు... నీకు తెలుసా?"

"వేరే చోట మళ్ళీ చేయించుకున్నాను. తగ్గలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదురా!"

"చెబితే ఆగుతావా నువ్వు? తిన్నగా కంపెనీకి పోయి అంతా ఒప్పేసుకుంటావు. నిన్ను క్రేన్ దించేస్తారు."

"ఒరేయ్..."

"ఈ వాచీ, బెల్టూ పట్టుకో. లోపలికి ఇనుము తీసుకెళ్ళకూడదంట. ఒక్కణ్ణే రావాలంటే భయమేసింది. అందుకే నీకు తోడొస్తానన్నాను."