పదిహేడో పెట్టెలో చదువురానివాళ్లు

రెండొందల ఎనభై మందా! ఒక్క ఓట్ల పెట్టెలోనే? సరిగ్గా లెక్కపెట్టావా తగ్రీద్? ఇంకోసారి పెట్టు. మన ఊరి మగాళ్లే ఆరొందలుంటారు. అందులో ఇంచుమించు సగం మందికి అక్షరం ముక్క రాదని సర్కారు జాబితాయే చెబుతోందన్నమాట. మరి ఈ ఊరి బళ్లో ముప్పై నాలుగేళ్లు నేనేం చేసినట్టు? గాడిదలు కాశానా?

కూర్చోవే. గుమ్మంలో నిలబడి ఆ కాగితాలు నా మొహాన ఊపితే నాకు ఊపిరాడదు. ఆ పీట లాక్కో. ఉత్త చేతులతో ఎందుకు, ఆ రాయి తీసుకుని ఆలివ్ కాయలు కొట్టు. మెల్లిగా కొట్టాలి, గింజ పగలకూడదు.

వద్దా? సరే, నేనే కొట్టుకుంటాలే.

మీ అమ్మ నిన్న సాయంత్రం నుంచి నాతో మాట్లాడ్డం లేదు. పొద్దున టీ గ్లాసు నా ముందు ఎలా పెట్టిందనుకున్నావ్, సగం పళ్లెంలోకే ఒలికిపోయింది. ఎందుకంత కోపమో! ఆడవాళ్ల పెట్టెలో తను నీకే ఓటేశానని ఊరంతా చెప్పుకుని తిరుగుతోందట. తిరగనీ.

ఏదీ, ఆ జాబితా ఇలా ఇవ్వు. కళ్లజోడు... ఆఁ, ఇక్కడే ఉంది.

గాలెబ్! ఓరి వీడి దుంపతెగ. గాలెబ్‌కి చదువు రాదా? రొమేనియాలో ఆరేళ్లు ఇంజినీరింగ్ వెలగబెట్టి వచ్చాడు కదే! పెళ్లి కార్డు మీద 'ఇంజినీర్' అని బంగారు అక్షరాలతో వేయించుకున్నాడు, మామగారి పేరు కనపడకుండా. అలాంటివాడు పెట్టె దగ్గరికొచ్చి, 'నాకు రాయడం రాదండీ, నోటితో చెబుతాను' అన్నాడా? నాలుక ఎలా తిరిగిందే వాడికి?

ఆ కిందెవరు? పశువుల డాక్టరు. బాగుంది, చాలా బాగుంది. మరి మందుల చీటీలు ఎవరు రాస్తున్నట్టు? మేకలా?

నవ్వవేం? ఒకప్పుడు నా జోకులకి పడీపడీ నవ్వేదానివి.

చట్టం చెడ్డదేం కాదమ్మా. లాయరువి, నీకు నేను చెప్పాలా? చదువురాని ముసలాళ్లున్నారు, వాళ్లకీ ఓటుంది. అధికారి చెవిలో పేరు చెబితే ఆయన రాసి పెట్టెలో వేస్తాడు. ఇందులో తప్పు పట్టడానికేముంది? మనవాళ్లు దాన్నేం చేశారో చూడు. చెవిలో కాదు, గది దద్దరిల్లేలా అరిచారు. 'ముత్లఖ్ పాషా!' అని. ఎదురుగా బెంచీ మీద పాషా తమ్ముడు హాయెల్. జపమాల తిప్పుకుంటూ, అరిచిన ప్రతివాడికీ తలూపుతూ. ఎవడు మాట మీద నిలబడ్డాడో వాడికి తెలియాలి కదా! తెరచాటుకెళ్లి రాసేస్తే లోపల ఏం రాశాడో ఎవడు చూడొచ్చాడు?

అందుకని ఊరు ఊరంతా ఒక్క పూటలో చదువు మర్చిపోయింది. సాయంత్రానికి మళ్లీ గుర్తొచ్చేసింది కూడానూ. ఫలితాలు సెల్‌ఫోన్లలో చదువుకుంటూ కేరింతలు కొట్టారు వెధవలు.

దీన్ని సంస్కరణ అంటారట! నా బతుకులో ఎన్ని సంస్కరణలు చూశానే తల్లీ. మనిషికి ఇన్ని ఓట్లన్నారు, తర్వాత ఒక్కటే అన్నారు. నియోజకవర్గాలు చీల్చారు, అతికించారు, మళ్లీ చీల్చారు. అమ్మాన్‌లో కమిటీ వేస్తారు, కమిటీ కాఫీ తాగుతుంది, నివేదిక రాస్తుంది. ప్రధానమంత్రి మారతాడు. కొత్తాయన వచ్చి పాతాయన సంస్కరణని సంస్కరిస్తానంటాడు. నిన్న ఎన్నికలు పరిశీలించే ఆ దొరలు కూడా వచ్చారు, మెడలో కార్డులేసుకుని. గుమ్మం దగ్గర రెండు నిమిషాలు నిలబడి, పాషాగారి గుడారంలో మన్సఫ్ తిని, 'మొత్తమ్మీద సంతృప్తికరం' అని రాసుకుపోయారు. నిజమే పాపం. వేట మాంసం మెత్తగానే ఉడికిందని విన్నాను.

ఇక ఆ పాషా! నలభై ఏళ్లు సైన్యంలో సెల్యూట్లు కొట్టి, కొట్టించుకుని పాషా అయ్యాడు. పోయినసారి నాలుగేళ్లు పార్లమెంటులో కూర్చుని ఒకే ఒక్కసారి లేచాడు. ఎందుకు? ఏసీ ఎక్కువైంది, తగ్గించమనడానికి. అయినా మన తెగ మగాళ్లందరూ మదాఫా చావిట్లో కూర్చుని, బయటి ఎన్నికల కన్నా ముందే తమలో తాము ఓ ఎన్నిక పెట్టుకుని, మళ్లీ ఆయన్నే నిలబెట్టారు. ఆడవాళ్లని పిలిచారా అంటే పిలిచారు, టీ పంపమని.

నేనూ వెళ్లాను. వెళ్లకపోతే ఎలా? చెయ్యెత్తమన్నప్పుడు దగ్గొచ్చింది.

ఆ తర్వాత కదూ నువ్వు కరక్ పట్నం నుంచి వచ్చి, 'నేనూ నిలబడుతున్నా' అన్నావు! ఆ రోజు మదాఫాలో వాళ్ల మొహాలు చూసి తీరాల్సిందే. బడికి కప్పు వేయిస్తానన్నావు. నీళ్ల ట్యాంకరు వారానికి రెండుసార్లు రప్పిస్తానన్నావు. పాషా ఏమన్నాడు? 'నేను మీవాణ్ణి' అన్నాడు. అంతే, అయిపోయింది. మరి నువ్వెవరి దానివట? నువ్వు ఆకాశంలోంచి ఊడిపడ్డావా?

ఏంటి? ఆ వేలెక్కడ పెడుతున్నావ్?

రెండొందల పన్నెండు. ఔదె. అయితే? ఈ ఊళ్లో నా పేరుగల ఔదెలకేం కరువా? గొర్రెలు కాసే ఔదె లేడూ? వాడికి నిజంగానే చదువు రాదు, మూడో తరగతిలోనే బడి ఎగ్గొట్టి పారిపోయాడు. వాడే అయ్యుంటాడు.

తండ్రి పేరు కూడానా? పుట్టిన సంవత్సరమా?

ఊఁ.

అలా చూడకు. నీ చూపు అచ్చం మీ అమ్మ చూపే. అరిచి గోల చెయ్యొచ్చు కదా, నాన్నా ఇదేం పని అని! పొద్దున్నుంచి నా పేరెత్తకుండా కాగితం పట్టుకుని కూర్చున్నావు. నేనేమో గాలెబ్ అనీ, మేకలనీ... నీకు ముందే తెలుసు. తెలిసే నన్ను వాగనిచ్చావు.

విను మరి. పోయిన శుక్రవారం నమాజవగానే మనింటికి పన్నెండు మంది వచ్చారు. భుజాన పొడవాటి అబా అంగీలు వేసుకుని, పెళ్లి సంబంధం అడగడానికి వచ్చినట్టు. ముందర హాజీ దైఫల్లా, ఎనభై ఏళ్ల మనిషి, కర్ర పట్టుకుని. కూర్చోబెట్టాను. కాఫీ పోశాను. హాజీ గిన్నె అందుకుని, తాగకుండా ముందు పెట్టేశాడు. వెనకాల పదకొండు మందీ అలాగే పెట్టేశారు.

నీకు చెప్పాలా దానర్థం? అడిగింది ఇస్తే తాగుతారు, లేకపోతే లేచిపోతారు. ఒకసారి అలా లేచిపోయారంటే ఆ ఇంట్లో చావైనా పెళ్లైనా మళ్లీ ఎవడూ అడుగుపెట్టడు. హాజీ అన్నాడూ, 'మాస్టారూ, మీ అమ్మాయి మా అమ్మాయే, నిలబడితే నిలబడనీండి. మీ ఓటు మాత్రం మాకు కావాలి.' పన్నెండు గిన్నెలు. చల్లారిపోతున్నాయి. నేనేమన్నానంటావ్?

'తాగండి' అన్నాను.

ఆగు, అప్పుడే మొహం తిప్పుకోకు. నీకిచ్చిన మాట మర్చిపోయాననుకున్నావా? 'నాన్నా, నీ ఓటు నాకేగా?' అని నువ్వడిగితే, 'ఇంకెవరికేస్తాన్రా' అన్నది నేనే కదా. అందుకే ఓ ఎత్తు వేశాను. నోటితో వాళ్లకి సరే అంటాను, తెరచాటున నీ పేరు రాస్తాను. ఎవడికి తెలుస్తుంది? ఓటు రహస్యమని ఐదో తరగతి వాళ్లకి పాఠం చెప్పిన మనిషిని నేను! వాళ్లు వెళ్లాక గిన్నెలు కడుగుతూ నాలో నేనే నవ్వుకున్నాను కూడా. ఆహా, ముసలోడికి ఎంత తెలివి అని.

నిన్న లైన్లో నిలబడ్డాను. నా ముందు గాలెబ్ అరిచాడు. పశువుల డాక్టరు అరిచాడు. హాయెల్ తలూపుతున్నాడు. నా వంతొచ్చింది.

పెట్టె దగ్గర అధికారి ఎవరనుకున్నావ్? ఫవాజ్. ఒకటో తరగతిలో నేను వేలు పట్టుకుని దిద్దించిన ఫవాజ్. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. కాగితం ఇచ్చి, 'తెర అటుంది మాస్టారూ' అన్నాడు, నేనడక్కుండానే. పిచ్చి సన్నాసి, నాకు దారి చూపించాడు. తెర ఎంతో దూరం లేదు తల్లీ. నాలుగడుగులు. ఎవడూ నా చెయ్యి పట్టుకోలేదు. ఎవడూ ఏమీ అనలేదు. హాయెల్ ఊరికే చూశాడు, అంతే.

'నాకు రాయడం రాదు నాయనా' అన్నాను.

ఫవాజ్‌కి అర్థం కాలేదు. 'మాస్టారూ, మీకా?' అన్నాడు. ఆ గొంతు... వదిలెయ్. 'రాదని చెబుతున్నానుగా!' అని కసిరాను వాణ్ణి. అప్పుడు చెప్పాను పాషా పేరు. గొణిగాననుకుంటున్నావేమో, లేదు. బళ్లో హాజరు పిలిచినంత స్పష్టంగా చెప్పాను. వాడు తలొంచుకుని రాసుకున్నాడు. నా పేరు పక్కన గుర్తు పెట్టింది కూడా వాడే.

హాయెల్ తలూపాడు. ఆ తలూపు చూసి నాకేమనిపించిందో తెలుసా? సిగ్గేసిందని చెబితే నువ్వు నమ్ముతావు, నాకూ బాగుంటుంది. కానీ సిగ్గు కాదే. హమ్మయ్య అనిపించింది.

పదిహేడో పెట్టెలో పాషాకి నాలుగొందలు, నీకు సున్నా. ఆ సున్నా నాది. మిగతావాళ్లు పాషాకి వేశారు, వాళ్ల ఖర్మ. సున్నా మాత్రం నేనే పెట్టాను. మీ అమ్మకి నిన్ననే అర్థమైంది.

జాబితా కింద పెట్టిన రెండో కాగితం చదివాన్లే. కళ్లజోడు పెట్టుకున్నదే దానికోసం. చదువొచ్చిన వాడు ఒక్కడు ముందుకొచ్చి, 'నేను రాదని అబద్ధం చెప్పాను, హాయెల్ ముందు చెప్పక తప్పలేదు' అని సంతకం పెడితే ఈ పెట్టె రద్దవుతుందంటావు. మూడొందల ఓట్లతో ఓడావు కాబట్టి మళ్లీ ఓటింగ్ పెడితే గెలవొచ్చు. గాలెబ్ నీకు తలుపు తియ్యలేదట. పశువుల డాక్టరు ఊళ్లో లేనని చెప్పించాడు, వాడి కారు గుమ్మంలోనే ఉందట. ఇక మిగిలింది నేను. ముప్పై నాలుగేళ్లు పలక పట్టించినవాడు చదువు రాదన్నాడంటే ఏ జడ్జీ నమ్మడు. నీకు నాకన్నా మంచి సాక్షి దొరకడు. ఆ ముక్క నాకు తెలుసు.

సంతకం పెడితే ఏమవుతుందో నీకూ తెలుసు. మదాఫాలో నా చోటు పోతుంది. నేను గడపలోకొస్తే మాటలాగిపోతాయి. నేను పోతే ఎత్తడానికి నలుగురు దొరకరు. 'మేం ఎత్తుతాం నాన్నా' అంటావు. అంటావని నాకు తెలుసు. నాకు వాళ్లే కావాలే. ఆ వెధవలే కావాలి. పొద్దున్నుంచి తిడుతున్నానే, ఆ గాలెబ్, ఆ మేకల డాక్టరు, సాయంత్రమయ్యేసరికి వాళ్ల పక్కన కూర్చోకపోతే నాకు తోచదు.

అరే, లేచావేం? టీ అయినా తాగి వెళ్లు. మీ అమ్మ నీకైతే ఒలకకుండా పోస్తుంది.

తగ్రీద్! ఆ పెన్ను నా ముందు వదిలి వెళ్లకు, పట్టుకుపో. కావాలంటే సిరా డబ్బీ తీసుకురా, వేలిముద్ర వేసిస్తాను. చదువొచ్చని చెప్పే కాగితం మీద వేలిముద్ర నీ కోర్టులో దేనికీ పనికిరాదని నాకు తెలుసు తల్లీ. తెలుసు కాబట్టే వేస్తానంటున్నాను.